పాత స్టాఫుకి జీతం ఎంత పెంచాలి?

బొబ్బిలి నుంచి వచ్చి అమెరికాలోని ఒహాయోలో డెంటిస్టుగా స్థిరపడ్డ ఓ చెల్లి అడిగింది: "అన్నయ్యా, రిటైరైన డాక్టరు దగ్గర ప్రాక్టీసు, అంటే నడుస్తున్న క్లినిక్కు, కొన్నాను. ఫ్రంట్ డెస్కు ఆవిడ 17 ఏళ్లుగా, అసిస్టెంటు 9 ఏళ్లుగా అక్కడే ఉన్నారు. ఏటా అందరికీ 3 శాతం పెంచితే చాలదా?"

చాలదమ్మా. అమెరికాలో నా ప్రాక్టీసులో నేను అదే చేసి దెబ్బ తిన్నాను.

మన వైపు చాలా ఇళ్లలో నాన్నలు టీచర్లో, రెవెన్యూ గుమస్తాలో. ఏటా ఇంక్రిమెంటు, ధరలు పెరిగితే డీఏ, కొన్నేళ్లకోసారి పీఆర్సీ. జీతం తనంతట తనే పెరుగుతుందని మన బుర్రలో పడిపోయింది. చిన్న ప్రాక్టీసులో పే కమిషనూ నువ్వే, ఖజానా కూడా నువ్వే.

2021లో అమెరికాలో ధరలు 7 శాతం పెరిగాయి, 2022లో 6.5. మా అసిస్టెంటుకి గంటకి 22 డాలర్లు. రెండేళ్లూ 3 శాతం చొప్పున పెంచి 23.34 చేశాను. పెరిగిన ధరలకు దీటుగా నిలవాలంటేనే 25 దాటాలి. పెంచుతున్నానని జబ్బలు చరుచుకుంటూ ఆవిడ జీతం కోసేశానన్నమాట. అది చాలనట్టు, మధ్యలో కొత్త అమ్మాయిని 24కి తీసుకున్నాను. పని నేర్పింది ఈవిడే! నెల తిరక్కుండా సంగతి తెలిసిపోయింది. జీతాల గురించి మాట్లాడుకోకూడదని రూలు పెట్టబోతే మా లాయరు ఆపాడు. 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం ప్రకారం స్టాఫు తమ జీతాల గురించి తమలో తాము మాట్లాడుకోవచ్చట. "నీకెంతిచ్చానో ఎవరికీ చెప్పకు" అనే మన అలవాటు అమెరికాలో చెల్లదు. ఆవిడ మాత్రం వెళ్లిపోయింది.

నాన్న సంగతి గుర్తొచ్చింది. విజయనగరం గంటస్తంభం దగ్గర ఆయన క్లినిక్కు. కాంపౌండరు ఇరవై ఏళ్లు ఉన్నాడు. ఏటా పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి బట్టలు, బక్షీసు, అవసరమొస్తే చేబదులు. జీతం మాత్రం అక్కడికక్కడే. ఓ నర్సింగ్ హోం వాళ్లు కొంచెం ఎక్కువిస్తామంటే వెళ్లిపోయాడు. నాన్న బాధపడితే అన్నాడు: "బట్టలెట్టి అద్దె కట్టలేం గదా, బాబూ." నాన్న ఆ మాట చాలా రోజులు తలుచుకునేవారు. ఆయన మంచితనం తక్కువైంది కాదు, లెక్క తక్కువైంది.

అందుకని పాత మనిషి ఎన్నేళ్లుగా ఉందో లెక్కపెట్టకు. రేపు ఆవిడ రాకపోతే ఆ కుర్చీలోకి కొత్త మనిషిని ఎంతకి తేగలవో చూడు. మీ ఊళ్లో ఉద్యోగ ప్రకటనలు చదివితే గంటలో తెలుస్తుంది. పాత మనిషి రేటు దానికంటే పైన ఉండాలి. ఏ పేషెంటు సూది అంటే బెదురుతాడో, ఏ ఇన్సూరెన్సు ఏ క్లెయిము తిప్పికొడుతుందో ఆవిడ తలలో ఉంది. ఆ తేడాకే నువ్విచ్చే డబ్బు. ఇప్పటికే మార్కెట్ కంటే బాగా పైన ఉంటే గంట రేటు ముట్టుకోకు, అదనపు సెలవులు ఇవ్వు. పళ్లు శుభ్రం చేసే హైజీనిస్టు ఉంటే ఆ లెక్క వేరేగా చూడు. వాళ్లు దొరకడమే కష్టం.

గంటకి ఒక డాలరు పెంచితే వారానికి 40 గంటల లెక్కన ఏడాదికి 2,080 డాలర్లు. స్టాఫు పింఛనుకీ, వృద్ధాప్యంలో వైద్యానికీ యజమానిగా నువ్వు కట్టే వాటా, అంటే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు, 7.65 శాతం కలిపితే 2,239. ఆ డబ్బు ఎక్కడిదంటావా? ఏ పనికి నీకెంత ఇస్తారో చెప్పే ఇన్సూరెన్సు కంపెనీల ఫీజు పట్టికలు ఆఖరిసారి ఎప్పుడు మారాయో తీసి చూడు. అడక్కపోతే వాళ్లు పెంచరు.

దీపావళికి కవర్లో డబ్బులు పెట్టే అలవాటు మనకుంది కదా. అమెరికాలో స్టాఫుకిచ్చే నగదుకీ, గిఫ్ట్ కార్డుకీ కూడా పన్ను పడుతుంది, జీతాల లెక్కలో (పేరోల్లో) చూపించి తీరాలి. ముందే మాటిచ్చిన బోనసైతే ఓవర్‌టైం రేటు లెక్కలోకీ వస్తుంది. నీ అకౌంటెంటుని అడిగాకే మాటివ్వు.

ముందు ఫ్రంట్ డెస్కు ఆవిడతో కూర్చో. పేషెంట్లు వెళ్లాక, తలుపేసి. అంకె చెప్పు, ఏ తేదీ నుంచో చెప్పు, కాగితం మీద రాసివ్వు. ఇంకా ఎక్కువ అడిగితే అప్పటికప్పుడు ఊఁ అనకు, "శుక్రవారం చెప్తాను" అను. శుక్రవారం మాత్రం తప్పకుండా చెప్పు.