మందు పనిచేస్తుందని రిపోర్టు చెబుతున్నా ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా ఎందుకు చావదు?

మీ అమ్మగారికి రెండేళ్ళలో నాలుగు యాంటీబయాటిక్ కోర్సులు అయినా ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తోందని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను, కానీ పదకొండేళ్ళుగా పొద్దున్నే మా నాన్నగారి కఫం రంగు చూసి ఆ రోజు ఆయనకు ఎలా గడుస్తుందో చెప్పగలుగుతున్నాను. నన్నడిగితే మీ ప్రశ్నలోనే ఒక పొరపాటుంది. అది మళ్ళీ రావడం లేదు, అసలు వెళ్ళనే లేదు.

నాన్నగారికి వయసులో ఉండగా వచ్చిన టీబీ మందులతో నయమైంది గానీ, కుడి ఊపిరితిత్తి కింది భాగంలో గాలిగొట్టాలు సాగిపోయి సంచుల్లా మిగిలిపోయాయి. ఆ సంచుల్లో చేరినది సూడోమోనాస్ ఎరుగినోసా అనే బ్యాక్టీరియా. ఒక డిసెంబరు ఉదయం మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టి, ఆయనను పక్కకు తిప్పి పడుకోబెట్టి, అమ్మ అరచేయి దోసిలిలా వంచి వీపు మీద తడుతూ ఉంటే, పావుగంటకు పచ్చటి గళ్ళ పడింది. దాన్ని సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చాను. అంతకు ముందు రోజు ఇచ్చిన సీసాలో ఉన్నది ఉత్త ఉమ్మి అని వెనక్కి పంపారు. కఫం వేరు, ఉమ్మి వేరు అని సీసా చేతికిచ్చేటప్పుడే ఒక్క ముక్క చెబితే వాళ్ళ సొమ్మేం పోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రిపోర్టులో ఐదు మందులకు ఎదురుగా ‘పనిచేస్తుంది’ అని ఉంది. వాటిలో ఒకటి పద్నాలుగు రోజులు నరానికి ఎక్కించారు. ఆయాసం తగ్గింది, జ్వరం పోయింది, నెల తరువాత చేసిన పరీక్షలో మాత్రం అదే బ్యాక్టీరియా కనిపించింది. నేను కాస్త కోపంగానే అడిగితే, డాక్టరుగారు ఎదురు ప్రశ్న వేశారు: “మీ ఇంట్లో నీళ్ళ తొట్టి గోడకు పాకుడు పడితే, నీళ్ళు మార్చినంత మాత్రాన పోతుందా?”

ఆ పాకుడే అసలు సంగతి. ల్యాబ్‌లో మందును పరీక్షించేది విడివిడిగా బతికే బ్యాక్టీరియా మీద. ఊపిరితిత్తిలో అది తన చుట్టూ జిగట పొర అల్లుకుని గుంపుగా ఉంటుంది, లోపలివి దాదాపు నిద్రపోతున్నట్టు మందకొడిగా పెరుగుతాయి కనుక మందుకు అంత సులువుగా లొంగవు. కొత్తగా వచ్చినప్పుడు ఈదడానికి వాడుకున్న తోకను కూడా చాలాసార్లు వదిలేస్తుంది, ఎందుకంటే మన రక్షణ కణాలు దాన్ని గుర్తుపట్టే ఆనవాళ్ళలో ఆ తోక ఒకటి. ఆ బ్యాక్టీరియా వదిలే పయోసయనిన్ అనే నీలిపచ్చ రంగు పదార్థం, గాలిగొట్టాల గోడకణాల మీద కఫాన్ని పైకి నెట్టే నూగు కదలికను మందగింపజేస్తుంది. బాధపడిన ఆ కణాలు పంపిన కబురుకు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా వస్తాయి గానీ, పాకుడును మింగలేక అక్కడే పగిలి చస్తాయి. వాటినుంచి కారిన ఎలాస్టేజ్ అనే ఎంజైము మన గోడనే కొరుకుతుంది, వాటి డీఎన్ఏ కలిసి కఫం తీగలు సాగేంత చిక్కబడుతుంది, దెబ్బతిన్న గోడ ఆ బ్యాక్టీరియాకు మరింత పట్టు ఇస్తుంది. ఈ విషవలయాన్ని 1986లోనే పీటర్ కోల్ అనే బ్రిటిష్ వైద్యుడు వివరించాడు. కఫానికి ఆ పచ్చదనం చాలావరకు మన తెల్లకణాల్లోని మరో ఎంజైముదేనని తెలిసిన రోజు అమ్మ నమ్మలేదు. పచ్చగా ఉన్నదంతా పురుగే అనుకునేది.

అందుకే, దగ్గును అణచే సిరప్ అడగకుండానే చేతిలో పెట్టే మందుల దుకాణాలంటే నాకు ఒళ్ళు మంట. ఇలాంటి ఊపిరితిత్తికి దగ్గే చీపురు.

ఇప్పుడు నాన్నగారు రోజూ ఉప్పునీటి నెబ్యులైజర్ పీల్చి, ఆ తరువాత తట్టించుకుంటారు. వారానికి మూడు రోజులు అజిత్రోమైసిన్ వేసుకుంటారు. మామూలు మోతాదులో అది సూడోమోనాస్‌ను చంపదు, వాపును తగ్గించి ఆ గుంపు ఆగడాన్ని కాస్త అదుపులో ఉంచుతుంది. మొదలుపెట్టే ముందు ఈసీజీ తీసి, కఫంలో టీబీ జాతి సూక్ష్మజీవులు లేవని చూశారు కనుక మీరు సొంతంగా కొని వేయకండి. మొన్నటి పరీక్షలో కూడా ఆ బ్యాక్టీరియా ఉంది. ఆసుపత్రిలో చేరకుండా రెండు చలికాలాలు దాటాయి.