మందు అలవాటే లేని నాన్నకి లివర్ క్యాన్సర్ ఎలా వచ్చింది, గడ్డ చిన్నదే అయినా ఆపరేషన్ కుదరదని ఎందుకంటున్నారు?

మందు ముట్టని వాళ్ళకీ వస్తుందండి. మా నాన్నగారికీ ఏ అలవాటూ లేదు, అయినా వచ్చింది, చుట్టాలేమో చాటుగా తాగేవాడేమో అన్నట్టు మాట్లాడితే అమ్మ ఎంత ఏడ్చిందో. ఆయనకి ఉన్నది లివర్‌కి పట్టే హెపటైటిస్ బి వైరస్, ఎన్నేళ్ళ నుంచి ఉందో, ఒక్కసారి కామెర్లు కూడా రాలేదు. హెపటైటిస్ సి, షుగరు, ఒళ్ళు ఎక్కువై వచ్చే ఫ్యాటీ లివర్, బూజు పట్టిన గింజల్లో ఉండే అఫ్లటాక్సిన్ అనే విషం, ఇవీ కారణాలే. ఎక్కువమందికి ముందు సిరోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోవడం, అయ్యి దాని మీద క్యాన్సర్ వస్తుంది, హెపటైటిస్ బి ఉంటే మాత్రం సిరోసిస్ లేకుండా కూడా రావచ్చు.

ఆపరేషన్ సంగతి మేమూ ఇలాగే అడిగాం, అంత చిన్న గడ్డ కోసి తీసేస్తే అయిపోదా అని. అసలు చిక్కు ఏంటంటే అక్కడ రెండు జబ్బులు ఉన్నాయి, గడ్డ ఒకటి, పాడైన లివర్ ఇంకోటి. కోసి తీశాక మిగిలిన ముక్క మనిషిని నిలబెట్టగలదా లేదా అన్నదే డాక్టర్లు చూస్తారు. రక్తపరీక్షల్లో బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్, ఇంకా పొట్టలో నీరు, మనిషి మగతగా తికమకగా ఉన్నాడా, వీటన్నిటితో చైల్డ్ ప్యూ అని ఎ, బి, సి గ్రేడ్ ఇస్తారు, ఎ అంటే లివర్ బాగా పనిచేస్తున్నట్టు, సి అంటే బాగా పాడైనట్టు. మా నాన్నకి బి గ్రేడ్ వచ్చింది, ప్లేట్‌లెట్లూ తక్కువే, అందుకే కాలి రక్తనాళంలోంచి ట్యూబు పంపి గడ్డకే క్యాన్సర్ మందు ఇచ్చే టేస్ చేశారు, గడ్డ తగ్గింది కానీ పొట్టలో నీరు చేరేసరికి రెండోసారి చెయ్యడానికి డాక్టర్లే ఆగారు.

కోత కుదరదంటే దారి మూసుకుపోయినట్టు కాదు. చిన్న గడ్డని సూదితో వేడి పెట్టి కాల్చే అబ్లేషన్ ఉంది. ట్రాన్స్‌ప్లాంట్ అయితే రెండు జబ్బులకీ ఒకేసారి వైద్యం, సాధారణంగా ఒక్క గడ్డ 5 సెంటీమీటర్ల లోపు, లేదా 3 గడ్డల వరకు ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపు ఉంటే ఆలోచిస్తారు. ముదిరిన వాళ్ళకి 2020 నుంచి అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అనే రెండు క్యాన్సర్ మందులు కలిపి ఇస్తున్నారు, బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం రిస్క్ ఉంది కాబట్టి ముందు ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో ఉబ్బిన నరాలు ఉన్నాయేమో చూస్తారు.

ఈసారి వెళ్ళినప్పుడు చైల్డ్ ప్యూ ఎంత, లివర్‌కి రక్తం తెచ్చే పెద్ద నాళం పోర్టల్ వెయిన్‌లోకి గడ్డ పాకిందా, ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కి చూపించొచ్చా అని అడగండి. నాన్నగారికి హెపటైటిస్ బి అని తేలితే మాత్రం ఆయన తోబుట్టువులు, అమ్మగారు, మీరు అందరూ టెస్ట్ చేయించుకోండి, లేదని వస్తే టీకా వేయించుకోవచ్చు. మా బాబాయికి అలాగే బయటపడింది, ఇప్పుడు టాబ్లెట్లు వాడుతూ 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్, లివర్ క్యాన్సర్ జాడ చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయించుకుంటున్నాడు.