చించిల్లా గడ్డం తడుస్తోందా? చర్మం కాదు, పళ్లు చూపించండి

ప్రశ్న: మా ఇంట్లో రెండేళ్ల మగ చించిల్లా (ఒత్తు బొచ్చుండే ఎలుకజాతి పెంపుడు జంతువు) ఉంది. పది రోజులుగా గడ్డం కింద బొచ్చు తడిసి, ముద్దకట్టి ఊడిపోతోంది. ఎడమ కంట్లో నీరు కారుతోంది. కిస్‌మిస్ పెడితే తింటోంది కానీ గడ్డి ముట్టడం లేదు. ఇక్కడి ఉక్కకు ఫంగస్ పట్టిందనుకున్నాం. కొన్న షాపులో అడిగితే ఆయింట్‌మెంట్, అమాక్సిసిలిన్ సిరప్ ఇచ్చారు. సిరప్ ఇంకా మొదలుపెట్టలేదు. వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై

జవాబు: వద్దు. ఒక్క చుక్క కూడా వేయకండి. చించిల్లా తిన్న గడ్డిని దాని పేగుల్లోని మంచి బ్యాక్టీరియా పులియబెడితేనే అది బతుకుతుంది. నోటి ద్వారా అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ పడితే ఆ బ్యాక్టీరియా చచ్చి, విషం పుట్టించే క్రిములు పెరుగుతాయి. విరేచనాలు పట్టుకుని కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. కుక్కపిల్లకు నప్పిన మందు దీనికీ నప్పుతుందనుకోవడం చాలా ప్రమాదం. జంతువును అమ్మినవారు మందు చెప్పకూడదు, చెప్పినా మీరు వినకూడదు.

ఇక జబ్బు సంగతి. మీరు రాసినదాన్ని బట్టి ఇది ఫంగస్‌లా లేదు. ఫంగస్ అయితే ముక్కు, కళ్ల చుట్టూ, పాదాల మీద బొచ్చు పోయి, చర్మం పొడిగా పొట్టు రేగుతుంది. మీ దానికి తడి ఉంది. ఆ తడి చొంగ. చొంగ కారుతోందంటే నోట్లో నొప్పి ఉన్నట్టు. చించిల్లాకు ముందు పళ్లు 4, దవడ పళ్లు 16. ఈ ఇరవయ్యీ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని గంటల తరబడి అటూ ఇటూ నూరితేనే దవడ పళ్లు అరుగుతాయి. అరగకపోతే కొనలు మొనదేలి నాలుకను, బుగ్గను కోస్తాయి. పళ్ల వేళ్లు కూడా పెరిగి, పైదవడలో కన్నీటి నాళాన్ని నొక్కుతాయి. ఎడమ కంట్లో నీరు అందుకే కావచ్చు. కిస్‌మిస్ మెత్తన కాబట్టి మింగగలుగుతోంది, గడ్డిని నూరలేకపోతోంది. కింది దవడ అంచున వేలితో మెల్లగా తడిమి చూడండి, గింజల్లా ఎగుడుదిగుడులు తగిలితే పళ్ల వేళ్లు పెరిగాయనే అర్థం.

రేపే డాక్టర్‌కు చూపించండి. వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి గానీ, కుందేళ్లు, గినీపిగ్‌లను తరచూ చూసే డాక్టర్ దగ్గరకు గానీ వెళ్లండి. ముందు పళ్లు మాత్రమే చూసి బాగున్నాయంటే ఒప్పుకోకండి. మత్తు ఇచ్చి దవడ పళ్లు చూడాలి, తలకు ఎక్స్‌రే తీయాలి. మొనలను చిన్న డ్రిల్లుతో అరగదీయాలి. కటింగ్ ప్లయర్‌తో తుంచితే పన్ను నిలువునా చీలుతుంది. మత్తుకు ముందు రాత్రంతా పస్తు పెట్టమంటే, కుక్కల పద్ధతి దీనికి పనికిరాదని చెప్పండి. ఇది వాంతి చేసుకోలేదు, పైగా పస్తుంటే పేగులు ఆగిపోతాయి. వేళ్లు బాగా పెరిగి ఉంటే పూర్తిగా నయం కాదు. కొన్ని వారాలకోసారి అరగదీయించాల్సి రావచ్చు.

అంతవరకూ కడుపు ఖాళీగా ఉంచకండి. దాని పెలెట్లనే (గుళికల మేత) గోరువెచ్చని నీటిలో నానబెట్టి మెత్తగా మెదిపి, సూదిలేని 1 మి.లీ. సిరంజిలో నింపండి. ముందు పళ్ల వెనక ఖాళీలోంచి, పక్కనుంచి కొద్దికొద్దిగా పెట్టండి. నమిలి మింగాకే మళ్లీ. తల వెనక్కి వంచితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పూటకు 5 మి.లీ., నాలుగైదు గంటలకోసారి. పెంటికలు చిన్నవై ఎండిపోయినా, 12 గంటలు అసలు వేయకపోయినా రాత్రయినా సరే ఆసుపత్రికే. ఆయింట్‌మెంట్ ఆపేయండి, నాకి మింగుతుంది. స్టెరాయిడ్ కలిసినదైతే నిజంగా ఫంగస్ ఉన్నప్పుడు అది మరింత పెరుగుతుంది. కన్ను మానేదాకా ధూళిస్నానం (బొచ్చు శుభ్రానికి సన్నని ధూళిలో పొర్లడం) వద్దు. తర్వాత వారానికి రెండుసార్లు, 10 నిమిషాల చొప్పున, చించిల్లాల కోసం అమ్మే సన్నని ధూళితోనే చేయించండి. బీచ్ ఇసుక, టాల్కం పౌడర్ వాడకండి.

ఒక్క అలవాటు చేసుకుని ఉంటే ఈ జబ్బు నెలల ముందే బయటపడేది. వంటింటి డిజిటల్ త్రాసు మీద డబ్బా పెట్టి, సున్నా చేసి, అందులో దాన్ని కూర్చోబెట్టి తూచండి. వారంవారం ఒకే రోజు, ఒకే వేళ. పెద్దది సాధారణంగా 400 నుంచి 600 గ్రాములుంటుంది. ఒత్తు బొచ్చు వల్ల ఎముకలు తేలినా కంటికి కనబడదు. 50 గ్రాములు తగ్గితే డాక్టర్‌కు చూపించాలి. కాగితం మీద అంకెలు రాసి పంజరానికి అంటించండి.

మేతలో ఎండిన తిమోతి గడ్డి గానీ, శుభ్రంగా ఎండబెట్టిన గరిక గానీ రాత్రీపగలూ ఉండాలి. పెలెట్లు రోజుకు 15–20 గ్రాములు చాలు. కిస్‌మిస్, వేరుశనగ, పొద్దుతిరుగుడు గింజలు పూర్తిగా మానండి. వరిగడ్డిలో సత్తువ లేదు, లూసర్న్ (అల్ఫాల్ఫా) గడ్డిలో కాల్షియం ఎక్కువ.

ఉక్క గురించి మీ భయం మాత్రం సరైనదే. ఇది దక్షిణ అమెరికాలోని చల్లని ఆండీస్ కొండల జంతువు. గది 18–22 డిగ్రీలు, తేమ 50 శాతం లోపు ఉండాలి. 25 దాటితే వడదెబ్బ తగలవచ్చు. ఫ్యాన్ గాలి చాలదు, దీనికి చెమట పట్టదు. చెన్నైలో ఏసీ లేకుండా సాకడం కుదరదు. కరెంటు పోయినప్పటికని ఫ్రీజర్‌లో రెండు నీళ్ల సీసాలు గడ్డకట్టించి ఉంచండి. తువ్వాలు చుట్టి పంజరం పక్కన పెట్టి, లోపల గ్రానైట్ పలక వేయండి. చెవులు ఎర్రబడి, పక్కకు ఒరిగి ఎగశ్వాస తీస్తుంటే చల్లని తడిగుడ్డతో చెవులు, పాదాలు తుడుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒంటిమీద నీళ్లు పోయకండి, ఆ బొచ్చు తడిస్తే తొందరగా ఆరదు.