ఓట్ల సైట్లలో వార్తలు చదివితే సరిపోతుందా? రెండేళ్లు చదివినోడి మాట

పేపర్ మానేసి రెడిట్, హ్యాకర్ న్యూస్ లాంటి ఓట్ల సైట్లతోనే వార్తలు తెలుసుకోవచ్చా అని అడిగిన్రు. ఓట్ల సైట్లంటే జనమే లింకులు పెట్టి ఓట్లేసేవి, ఎక్కువ ఓట్లు పడ్డది పైకొస్తది. నేను రెండేళ్లు అట్లనే నడిపించిన. సరిపోదు. అట్లని వాటిని వదిలిపెట్టనూ లేదు.

మాది దేవరకొండ దగ్గర పల్లె. 2025 ఫిబ్రవరి 22, శనివారం. లేచినప్పటి నుంచి ఫోన్ చేతిలోనే ఉంది. ఏదో కొత్త ఏఐ మోడల్ మీద కామెంట్లన్నీ చదివిన. హైదరాబాద్‌లో బిర్యానీ ఎక్కడ బాగుంటదన్న లొల్లి కూడా ఒక్క ముక్క వదలకుండా చదివిన. మధ్యాహ్నం నాయిన చాయ్ హోటల్ నుంచి వచ్చి గడపలనే నిలబడ్డడు. "ఎస్సెల్బీసీ సొరంగం కూలిందంట. ఎనిమిది మంది లోపల్నే ఉన్నరంట. నీ ఫోన్ల రాలేదారా?"

రాలేదు. సొరంగం కూలింది పక్క జిల్లాలో, దోమలపెంట దగ్గర. శ్రీశైలం నీళ్లు మా నల్లగొండకు తేవాలని దాదాపు 44 కిలోమీటర్ల పొడవున తలపెట్టిన సొరంగం అది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మాకు దానికంటే పెద్ద వార్త ఏముంటది? సాయంత్రానికి నా ఫోన్లకూ వచ్చింది. అప్పటికి హోటల్లో దాని మీద మూడు సార్ల చాయ్ అయిపోయింది.

ఇందులో సైటు మోసం ఏం లేదు, లెక్కే అట్లుంటది. రెడిట్ తన కోడ్‌ను 2017 దాకా అందరికీ తెరిచి పెట్టింది. అందులో ఏ పోస్టు పైన కనపడాల్నో తేల్చే 'హాట్' లెక్క ఇట్లుండె: మొదటి పది ఓట్లకు ఎంత బరువో, పది నుంచి వందకు చేరే తొంభై ఓట్లకు కూడా అంతే. పన్నెండున్నర గంటల పాత పోస్టు అప్పుడే పడ్డదానితో సమానంగా నిలవాలంటే పది రెట్లు ఓట్లు కావాలె. అంటే పోస్టు పడ్డ తొలి గంటలో అక్కడ కూర్చున్న పది మంది ఎవరన్నదే అసలు సంగతి. వాళ్లు మాదాపూర్‌లనో అమెరికాలనో ఉంటే బత్తాయి ధర పడిపోయిన వార్తకు ఓటెవరేస్తరు? ఒకసారి నేనే నల్లగొండ బత్తాయి మార్కెట్ వార్త లింకు పెట్టి చూసిన. రెండు ఓట్లు పడ్డయ్. అందులో ఒకటి నాదే, పెట్టినోళ్ల ఓటు దానంతటదే పడుతది.

మరి ఎందుకు వదల్లేదంటే, కామెంట్ల కోసం. 2018లో పిల్లల్ని ఎత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నయని వాట్సాప్‌ల పుకారు లేచింది గుర్తుందా? గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు డప్పు కళాకారులను పెట్టి ఊరూరా చెప్పించాల్సి వచ్చింది. వాట్సాప్‌ల అబద్ధం కింద 'ఇది అబద్ధం' అని ఎవడన్నా రాసినా, వేరే గ్రూపుకు పోయేటప్పుడు ఆ మాట దాని వెంట పోదు. ఓట్ల సైట్లో ఒకటే పోస్టు, దాని కిందనే సవరణ. హ్యాకర్ న్యూస్‌లనైతే ఒక్కోసారి ఆ సాఫ్ట్‌వేర్ రాసినాయనే వచ్చి జవాబు చెప్తడు. ఏ పేపర్లోనూ నాకు ఇది దొరకలేదు.

అక్కడా గొర్రెదాటు ఉంటది. 2013లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్లప్పుడు రెడిట్‌ల జనమే పోలీసుల్లెక్క ఫొటోలు వెతికి, సంబంధం లేని ఒక పిల్లగాడి మీద అనుమానం వేసిన్రు. తర్వాత రెడిట్ క్షమాపణ చెప్పింది. ఓట్లు ఎక్కువ పడ్డయంటే చాలా మందికి నచ్చిందని తెలుస్తది గానీ, నిజమో కాదో అందులో ఉండదు. అందుకే హెడ్డింగ్ చూసి ఓటేసుడు మానేసిన, లింకు తెరిచి చదివినంకనే ఏదైనా.

ఇప్పుడు నా పద్ధతి ఇది. టెక్నాలజీ, ప్రపంచం సంగతులు ఓట్ల సైట్లలోనే చూస్త, అదీ 'హాట్' కాకుండా, కొత్తగ పడ్డవి ముందు చూపే 'న్యూ' పెట్టుకొని. కాస్త చెత్త ఎక్కువే, కానీ ఓట్లు పడక మునిగిపోయేవి దొరుకుతయ్. జిల్లా సంగతులకు పేపర్ జిల్లా పేజీలే. నాయిన మెయిన్ పేపర్ తీసుకొని అవి నాకిస్తడు. బత్తాయి ధర మాత్రం ఇద్దరం ఏదీ నమ్మం, మార్కెట్‌ల తెలిసినాయనకు ఫోన్ చేసే కనుక్కుంటం.