పన్నెండవ కార్డును చదివే పద్ధతి

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

టారో (జోస్యం చెప్పే బొమ్మల కార్డులు) చదివేటప్పుడు పన్నెండవదైన హ్యాంగ్డ్ మ్యాన్, అంటే తలకిందులుగా వేలాడే మనిషి కార్డు వచ్చినప్పుడల్లా వేరే ఏమీ తోచక "త్యాగం" అని చెప్పి ఊరుకుంటున్నానని రాశావు. ఆ మాట తప్పు కాదు, కానీ అర్థాల పట్టికలోంచి తీసిన మాట ఎదురుగా కూర్చున్న మనిషి ప్రశ్నకు జవాబు కాదు. ముందు బొమ్మను తీరికగా చూడు.

నీ దగ్గరున్నవి 1909లో లండన్‌లో వెలువడిన రైడర్ వెయిట్ టారో కార్డులు కనుక, పమేలా కోల్మన్ స్మిత్ గీసిన ఆ బొమ్మలో మొదట ముఖాన్ని గమనించు. కుడి కాలితో తలకిందులుగా వేలాడుతున్నా ఆ ముఖంలో బాధ కనిపించదు, తల చుట్టూ కాంతివలయం ఉంటుంది. అతడు వేలాడుతున్న కొయ్యకు పచ్చని ఆకులున్నాయి. ఇది ఆగిన బతుకే తప్ప ముగిసిన బతుకు కాదని ఆ ఆకులు చెబుతాయి.

ఇక చేతులు. అవి వీపు వెనుక ఉన్నాయి. ఎవరైనా కట్టేశారో, తానే అలా పెట్టుకున్నాడో మనకు కనిపించదు. నేను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆలోచించేది ఈ చేతుల గురించే, ఎందుకంటే తానుగా ఆగినవారికి చెప్పవలసిన మాట వేరు, ఇతరులు ఆపేసినవారికి చెప్పవలసిన మాట వేరు. పక్కన ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ (ఎనిమిది కత్తుల కార్డు) వస్తే, అందులో కళ్లకు గంతలతో బంధించి ఉన్న స్త్రీని చూసి, ఈ చేతులు కూడా కట్టేసినవేనేమో అని అడుగుతాను. పడుకుని ఉన్న యోధుడి బొమ్మ గల ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్ (నాలుగు కత్తుల కార్డు) వస్తే, కోరి తీసుకున్న విశ్రాంతి వైపు మొగ్గుతాను.

ఈ కార్డు పాత చరిత్రను కూడా మరవకు. ఇటలీ నగరాల్లో ఒకప్పుడు ద్రోహుల బొమ్మలను అందరికీ కనిపించే గోడల మీద తలకిందులుగా చిత్రించి అవమానించేవారు, అక్కడ ఈ కార్డుకు ద్రోహి అనే పేరుండేది. 1781లో టారో గురించి రాసిన ఫ్రెంచి పండితుడు కూర్ ద జెబెలాన్ మాత్రం ఇది వివేకాన్ని సూచించే బొమ్మ అనీ, అచ్చువేసినవారు తలకిందులు చేశారనీ వాదించాడు. ఆ వాదన నాకు నచ్చదు. పాత పేరులోని అవమానం మాత్రం ఈనాటికీ పనికివస్తుంది: ఆగిపోయానని సిగ్గుపడుతున్న మనిషి ఎదురైతే, ఆ సిగ్గును గుర్తించి మాట్లాడగలగాలి.

కార్డు తిరగబడి వస్తే నిరీక్షణ ముగిసిందని కొందరు వెంటనే చెప్పేస్తారు. నేనైతే ఆ నిరీక్షణకు ఇంకా ప్రయోజనం మిగిలి ఉందా అని ముందు అడుగుతాను.

ఒక్క విషయంలో మాత్రం నీవు ఖచ్చితంగా ఉండాలి. హింసను భరిస్తున్నవారు ఈ కార్డు తీస్తే, ఇంకా ఓర్చుకోమని ఎన్నడూ చెప్పకు. అలాగే ఎన్నాళ్లు ఆగాలని ఎవరైనా అడిగితే గడువు చెప్పకు, ఆ బొమ్మలో కాలాన్ని కొలిచే గుర్తు ఏదీ లేదు. ఈసారి ఈ కార్డు వచ్చినప్పుడు "మీరే ఆగారా, ఎవరైనా ఆపారా?" అని అడిగి, వారు చెప్పినది పూర్తిగా విన్న తరువాతే అర్థం చెప్పడం మొదలుపెట్టు.