అరబ్బీ నేర్చుకుంటే అన్ని అరబ్ దేశాల్లోనూ మాట్లాడొచ్చా?

చదవడానికి సరిపోతుంది. మాట్లాడటానికి మాత్రం వెళ్లే చోటి అరబ్బీని విడిగా నేర్చుకోవాల్సిందే.

వార్తలు, పుస్తకాలు, ప్రసంగాలు ‘ఫుస్‌హా’లో, అంటే ప్రామాణిక అరబ్బీలో ఉంటాయి. మొరాకో నుంచి ఇరాక్ దాకా అది దాదాపు ఒకటే. కానీ అది బడిలో నేర్చుకునే భాష, ఇంట్లో అమ్మ దగ్గర వచ్చేది కాదు. ఇంట్లో, బజారులో వినిపించేది ‘ఆమ్మియ్య’, అంటే వాడుక భాష. అది ఊరూరికీ మారుతుంది. ‘నాకు కావాలి’ని ఫుస్‌హాలో ‘ఉరీదు’ అంటారు. అదే కైరోలో మగవాళ్లయితే ‘ఆయిజ్’, ఆడవాళ్లయితే ‘ఆయ్‌జా’ అంటారు. డమాస్కస్‌లో ‘బిద్ది’, మొరాకోలో ‘బ్గీత్’. కాఫీకి పుస్తకాల్లో ‘కహ్వా’, కైరోలో ‘అహ్వా’, గల్ఫ్‌లో ‘గహ్వా’.

ఇలా ఒకే సమాజంలో రెండు రూపాలు పని పంచుకోవడాన్ని భాషా శాస్త్రవేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1959లో ‘డైగ్లాసియా’ అన్నాడు. ఆయన తీసుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబ్బీ ఒకటి. గిడుగు రామమూర్తి పోరాడిన గ్రాంథికం, వ్యావహారికం గొడవ తెలిసిన మనకు ఇది వెంటనే అర్థమవుతుంది. అయితే మన దగ్గర గ్రాంథికం వెనక్కి తగ్గింది. ఫుస్‌హా తగ్గలేదు. ఖురాన్ భాషకు వారసురాలు అదే, ఇన్ని దేశాలను కలిపే రాత భాషా అదే.

గల్ఫ్‌లో పనికి వెళ్తుంటే టెన్షన్ పడి వ్యాకరణం బట్టీ పట్టకండి, ముందు గల్ఫ్ వాళ్లు మాట్లాడే తీరు వినండి.