ఎండుతున్న ఉల్లికి కాదు, ఏపుగా ఉన్న కొత్తిమీరకు భయపడండి

ప్రశ్న: అయ్యా, కర్నూలు జిల్లా కల్లూరు మండలంలో హంద్రీ ఒడ్డున మాకు మూడు ఎకరాల నల్లరేగడి పొలం ఉంది. రెండు ఎకరాలలో బోరు నీటితో ఉల్లి, మిగిలిన ఎకరంలో ఏటి నీటిని మోటారుతో తోడి కొత్తిమీర, పాలకూర పండిస్తున్నాము. రెండేళ్లుగా ఉల్లి ఆకులు పసుపెక్కి కొనల నుంచి ఎండుతున్నాయి. నేల మీద తెల్లగా, అక్కడక్కడ నల్లగా పొర కడుతున్నది, వాన పడితే నీరు ఇంకదు. ఆకుకూరలు మాత్రం ఏపుగానే ఉన్నాయి. పట్టణపు మురుగులోని సీసం, క్రోమియం భూమిలో చేరాయని మా అనుమానం. మొక్కలతోనూ బొగ్గుతోనూ నేలలోని విషాలను తీయవచ్చునని ఒక పర్యావరణ శాస్త్రవేత్త చెప్పగా విన్నాను. మందుల దుకాణం వారు ఇచ్చిన, నేలను శుద్ధి చేసే సూక్ష్మజీవుల ద్రావణాన్ని ఎకరాకు రెండు లీటర్ల చొప్పున మూడు సార్లు పారించాను, మార్పు లేదు. ఇప్పుడు బొగ్గు పొడి వేయమంటున్నారు. ఎన్ని బస్తాలు వేయాలి? ఆవాలు ఎకరాకు ఎన్ని కిలోలు చల్లాలి?

జవాబు: బొగ్గు పొడి వేయవద్దు, ఆవాలు చల్లవద్దు. మీ ఉల్లి మడికి పట్టింది సీసం కాదు, చౌడు. మీరు రాసిన ఉత్తరంలోనే ఇందుకు ఆధారం ఉంది. మురుగు పారుతున్నది ఆకుకూరల ఎకరంలో, పంట ఎండుతున్నది బోరు నీరు పారుతున్న రెండు ఎకరాలలో. పైరును ఎండబెట్టేది మురుగులోని లోహాలే అయితే ఆ లక్షణాలు ముందుగా పాలకూరలో కనబడాలి గాని, ఏటి నీరే తగలని ఉల్లిలో కాదు.

నేల మీద కనిపించే నల్లని పొర కారుచౌడుకు, అంటే క్షారం పెరిగిన చౌడుకు గుర్తు. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియంల కన్నా కార్బొనేట్లు, బైకార్బొనేట్లు ఎక్కువగా ఉంటే, ఆ మిగులు కార్బొనేట్లు నేలలోని కాల్షియాన్ని సున్నంగా గడ్డకట్టిస్తాయి, దాని స్థానంలో సోడియం మట్టి రేణువులకు అంటుకుంటుంది, రేణువులు విడిపోయి రంధ్రాలు మూసుకుపోతాయి. నీరు ఇంకకపోవడానికి కారణం ఇదే. ఉల్లి వంటి సున్నితమైన పంట ముందుగా దెబ్బ తింటుంది. ఈ అనుమానాన్ని మీరే ఈ రోజు ఇంట్లో పరీక్షించుకోవచ్చు. గాజు గ్లాసులో వాన నీరు పోసి, అందులో ఉల్లి మడి నుంచి తెచ్చిన ఎండు మట్టి గడ్డను మెల్లగా దించి, కలపకుండా 24 గంటలు వదిలేయండి. గడ్డ చుట్టూ నీరు మబ్బు పట్టినట్లు మురికిగా మారి అలాగే నిలిస్తే సోడియం ఎక్కువగా ఉన్నట్లే. దీనికి బోరు నీరు వాడవద్దు, అందులోని లవణాల వల్ల ఫలితం తప్పుగా రావచ్చు.

మీరు విన్న పరిశోధన అబద్ధం కాదు. ఆవ మొక్క సీసాన్ని, కాడ్మియాన్ని కొంత పీల్చుకుంటుంది. ఆర్సెనిక్‌ను ఆకుల్లో కూడబెట్టే ఒక ఫెర్న్ మొక్కను అమెరికాలోని ఫ్లోరిడాలో గుర్తించినట్లు 2001లో ప్రకటించారు. బయోచార్ అనే బొగ్గు కొన్ని లోహాలను తన ఉపరితలం మీద పట్టి ఉంచుతుంది. అయితే ఆ పద్ధతులన్నీ ఫలానా నేలలో ఫలానా లోహం ఇంత ఉన్నదని ముందు కొలిచి, ఆ తరువాత చేసినవి. మొక్కలతో లోహాలను తోడడానికి ఏళ్లకు ఏళ్లు పడుతుంది, కోసిన ఆ పైరును గొడ్లకు మేతగా వేయకూడదు, నేలలో కలియదున్నకూడదు. పైగా మీ వంటి క్షార నేలలో సీసం, కాడ్మియం మట్టికే గట్టిగా అంటుకొని ఉంటాయి కాబట్టి ఆవ వేరుకు అవి అంత సులభంగా అందవు. క్రోమియంలో ఒక రూపం మాత్రం ఇందుకు భిన్నంగా క్షార నేలలోనే కదులుతుంది, అందుకే దాన్ని విడిగా కొలవాలి. ఇక బొగ్గు సంగతి. కట్టెలు, పొట్టు కాల్చిన బొగ్గులో బూడిద ఉంటుంది, బూడిద క్షారం. ఉదజని సూచిక (క్షారాన్ని తెలిపే పి.హెచ్. అంకె) ఇప్పటికే పెరిగిన నేలకు మరింత క్షారాన్ని డబ్బు పెట్టి కొని వేయమని మీకు చెబుతున్నారు.

చౌడును పోగొట్టేది జిప్సం, అందులోని కాల్షియం మట్టికి అంటుకున్న సోడియాన్ని విడదీస్తుంది. ఎంత వేయాలన్నది నేల పరీక్షే చెప్పాలి. పరీక్షలో తేలిన జిప్సం అవసరంలో సగం మొదటి ఏడాది వేస్తే చాలు, అంటే ఎకరాకు 4 టన్నులని నివేదిక వస్తే 2 టన్నులు. మే నెలలో మడి చుట్టూ గట్లు వేసి, పొడి జిప్సాన్ని సమంగా చల్లి, పై 10 సెంటీమీటర్ల మట్టిలో మాత్రమే కలపండి, లోతుగా దున్నవద్దు. తొలకరి వాన నీటిని మడిలో నిలబెట్టి, నాలుగైదు రోజుల తరువాత పల్లం వైపు తీసిన రెండడుగుల లోతు, నీరు బయటకు పోయే కాలువలోకి వదిలి, మళ్లీ నింపండి. నీరు బయటకు పోయే దారి లేకుండా జిప్సం వేయడం శుద్ధ దండుగ, ఎందుకంటే మట్టి నుంచి విడిపోయిన సోడియం అక్కడే ఉండిపోతుంది. ఆ వెంటనే ఎకరాకు 15 నుంచి 20 కిలోల జీలుగ విత్తి, పూత దశలో, అంటే 45 నుంచి 50 రోజులకు కలియదున్నండి. తరువాతి పైరుకు ముందు దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి, దాన్ని భాస్వరం ఎరువుతో కలపవద్దు. ఉల్లిని ఒక ఏడాది మానుకోండి.

నేలను బాగు చేసి మళ్లీ అదే బోరు నీరు పెడితే రెండేళ్లకు కథ మొదటికి వస్తుంది కాబట్టి నీటిని కూడా సరిచేయాలి. నీటి నివేదికలో మిగులు సోడియం కార్బొనేట్ అనే అంకె చూడండి, పైన చెప్పిన మిగులు కార్బొనేట్ల కొలత అదే. అది లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల (నివేదికలో వాడే కొలత) లోపు ఉంటే భయం లేదు, 2.5 దాటితే జిప్సం లేకుండా ఆ నీరు పెట్టకూడదు. ఎకరాకు ఒక అంగుళం మందాన పారే నీరు సుమారు లక్ష లీటర్లు. అందులో ఒక్కొక్క మిల్లీ ఈక్వివలెంట్ తగ్గించడానికి 70 శాతం శుద్ధత గల జిప్సం 12.5 కిలోలు కావాలి. మీ నీటిలో 6 ఉన్నదనుకుంటే, దాన్ని 2.5కు దించడానికి అంగుళం నీటికి 44 కిలోలు పడుతుంది. బోరు నీరు పడే తొట్టిలో జిప్సం గడ్డలు పేర్చి, నీరు వాటి గుండా ప్రవహించి కాలువలోకి వెళ్లేలా చేస్తే చాలు.

ఇప్పుడు మడిలో ఉన్న ఉల్లి కోసం లీటరు నీటికి ఇనుము లోపానికి వాడే అన్నభేది 5 గ్రాములు, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఉల్లి ఆకు నునుపుగా ఉంటుంది కాబట్టి జిగురు మందు అర మిల్లీలీటరు చేర్చి, వారం ఎడంగా రెండు సార్లు సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఆకు మొదళ్లలో తామర పురుగులు కనబడితే తప్ప పురుగు మందు జోలికి వెళ్లవద్దు. కొన ఎండిన ప్రతిసారీ తెగులు మందు కొట్టడం మన జిల్లాలో ఒక అలవాటైపోయింది.

అసలు ఆందోళన మీరు అడగని ఎకరం గురించి. మురుగులోని నత్రజని వల్ల ఆకుకూర ఏపుగా పెరుగుతుంది. కాడ్మియం వంటి లోహం ఆకులో చేరినా, తినేవారికి హాని చేసే మోతాదు దాటినా, మొక్క పచ్చగానే ఉండవచ్చు. అంతకన్నా ముందున్న ప్రమాదం మలంలోని క్రిములు, కడుపులో చేరే ఏలికపాముల గుడ్లు. కొత్తిమీరను జనం పచ్చిగా తింటారు. కాబట్టి ఈ ఏడాదే ఆ ఎకరంలో ఆకుకూరలు ఆపి బంతి గాని లిల్లీ గాని వేయండి. ఏటి నీటిని కంకర పరచి జమ్ము, మెట్టతామర నాటిన గుంటలో నాలుగైదు రోజులు నిలిపి వాడితే మడ్డి, క్రిములు చాలా వరకు తగ్గుతాయి, ఉప్పు మాత్రం తగ్గదు, ఆకుకూరలకు అది పూర్తి భద్రత కూడా కాదు.

పరీక్షకు ప్రతి మడిలో వంకరటింకరగా నడుస్తూ 15 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, కలిపి, అర కిలో ఉంచుకోండి. లోహాల పరీక్షకు పంపే మట్టిని తుప్పు పట్టిన పారతో తీయవద్దు, జింకు పూత బకెట్టులో కలపవద్దు. బోరును 20 నిమిషాలు ఆడించి, అదే నీటితో కడిగిన ప్లాస్టిక్ సీసాలో లీటరు నింపి మరునాటికల్లా చేర్చండి, పురుగు మందు సీసా వద్దు. ఏటి నీటిని వేరే సీసాలో పట్టి, లోహాల పరీక్ష అని రాసి ఇవ్వండి. సాగు నీటిలో కాడ్మియం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, క్రోమియం 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో గాని, బనవాసి కృషి విజ్ఞాన కేంద్రంలో గాని ముందుగా అడిగి, ఏ పరీక్ష ఎక్కడ చేస్తారో తెలుసుకొని వెళ్లండి.

మీరు పారించిన సూక్ష్మజీవుల ద్రావణం సీసా పారేయలేదు కదా? జీవన ఎరువుగా అమ్మే దాని మీద సూక్ష్మజీవి పేరు, సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతున్నది. అవి లేకపోతే సీసాను, బిల్లును మీ మండల వ్యవసాయ అధికారికి అందజేయండి. బిల్లు ఇవ్వలేదంటే ఆ దుకాణంలో జిప్సం కూడా కొనవద్దు, రైతు సేవా కేంద్రంలో అడగండి.